పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) ఇంటర్వ్యూ ఉంది, సబ్జెక్ట్ వచ్చినా నోరు పెగలట్లేదు

చీపురుపల్లి_కెమిస్ట్రీ:
అందరికీ నమస్తే. నేను ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ చేశాను, ఇప్పుడు మద్దిలపాలెంలో హాస్టల్లో ఉంటున్నాను. వచ్చే శనివారం పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీలో క్యూసీ ట్రైనీ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. సబ్జెక్ట్ బాగానే వచ్చు, మా రూమ్మేట్‌కి హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో మిషన్ మీద కొలిచే పద్ధతి) అంతా నేనే చెప్పాను, కానీ టేబుల్‌కి అవతల ముగ్గురు కూర్చుని చూస్తుంటే గొంతు తడారిపోతుంది. పోయిన నెల ఇంకో చోట "మొబైల్ ఫేజ్ ఎందుకు ఫిల్టర్ చేస్తారు" (ఆ మిషన్‌లో పంపుతో పంపే ద్రావణం) అని అడిగారు, ప్రాజెక్టులో రోజూ చేసిన పనే, అయినా మాట రాలేదు. ఒకాయన ఫోన్ చూసుకుంటూనే "నెక్స్ట్" అనేశారు. డిగ్రీ దాకా తెలుగు మీడియం, ఇంగ్లీషులో మొదలుపెడితే సగంలో ఆగిపోతాను. పైగా నాన్నకి ఫార్మా కంపెనీ అంటేనే భయం. "ధైర్యంగా ఉండు" అని అందరూ అంటున్నారు, ఆ ధైర్యం కోసం ఈ వారంలో ఏం చేయాలో కాస్త చెప్పండి.

పరవాడ_క్యూసీ:
చెల్లీ, నేను క్యూసీలోనే చేస్తున్నాను, ఫ్రెషర్స్ ఇంటర్వ్యూల్లో అటువైపు కూర్చుంటాను కూడా. ఆ ఫోన్ చూసుకున్న మనిషిది మర్యాద కాదు, దాన్ని నీ మీద వేసుకోకు.

నీ ప్రాజెక్ట్ రికార్డు బయటికి తీయి. మేం ఫ్రెషర్‌ని ఎక్కువగా అడిగేది చేత్తో చేసిన పని గురించే. ఒక్కో పేజీ చూసి "ఇది ఎందుకు చేశాను" అని పైకి మాట్లాడు. మనసులో చదువుకుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, నోటితో చెప్పినప్పుడే ఎక్కడ ఆగుతున్నామో తెలుస్తుంది. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విను. మొదటిసారి మన గొంతు మనకే నచ్చదు, అయినా చివరిదాకా విను.

ఆ ఫిల్టర్ ప్రశ్నే తీసుకో. 0.45 మైక్రాన్ ఫిల్టర్ వేయకపోతే నలుసులు వెళ్లి కాలమ్ (పదార్థాలు విడిపోయే గొట్టం) మూసుకుపోతుంది, ప్రెషర్ పెరుగుతుంది. గాలి తీసేయకపోతే పంపులో బుడగలు చేరి బేస్‌లైన్ (గ్రాఫులో అడుగు గీత) కుదురుగా రాదు. రెండు వాక్యాల జవాబు, అంతే. అలాగే సోడియం హైడ్రాక్సైడ్‌ని కేహెచ్‌పీతో (కచ్చితంగా తూచగలిగే ఒక ఆమ్ల లవణం) ఎందుకు స్టాండర్డైజ్ చేస్తారు, అంటే దాని గాఢత ఎందుకు సరిచూస్తారు అని తప్పకుండా అడుగుతాం. పుస్తకంలో "హైగ్రోస్కోపిక్" అని ఉంటుంది, కానీ వైజాగ్ గాలిలో ఆ గుళికల్ని వాచ్ గ్లాస్ మీద కాసేపు వదిలేస్తే తడిసి ఒకదానికొకటి అతుక్కుపోవడం నువ్వు ల్యాబ్‌లో చూసే ఉంటావు కదా. అదే చెప్పు. నీళ్లు పీల్చుకుంటుంది, గాలిలో కార్బన్ డయాక్సైడ్‌తో కలుస్తుంది, కాబట్టి తూచిన బరువుని నమ్మలేం. చూసింది చెప్తున్న పిల్లని ఏ ప్యానెల్ అయినా ఇట్టే గుర్తుపడుతుంది.

ఇంకోటి, తప్పు రీడింగ్ రాస్తే ఏం చేస్తావు అని అడుగుతారు. వైట్‌నర్ మాట ఎత్తకు. కింద అంకె కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం పెట్టాలి. పని చేసినప్పుడే రాయాలి, రూముకెళ్లి గుర్తు తెచ్చుకుని కాదు. మా దగ్గర డేటా ఇంటిగ్రిటీ (రాసిన రీడింగులు మార్చకుండా, నిజంగా ఉండటం) ప్రాణంతో సమానం, సగంమంది ఫ్రెషర్స్ దీన్ని చదవకుండా వస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది.

తెలియకపోతే "తెలియదు సర్, ఇంతవరకు తెలుసు" అను. అడ్డదిడ్డంగా అల్లితే మేం ఇంకా లోతుకి వెళ్తాం.

కూర్మన్నపాలెం_అక్క:
పై అన్న చెప్పినదంతా కరెక్ట్. నేను ఇంగ్లీషు గురించి చెప్తానమ్మా, నేనూ తెలుగు మీడియమే. "మీ గురించి చెప్పండి"కి మాత్రం ఇంగ్లీషులో ఐదారు చిన్న వాక్యాలు నీ మాటల్లోనే రాసుకుని నోటికి వచ్చేదాకా చెప్పుకో. నెట్‌లో దొరికే "హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" వద్దు, అవి రోజంతా విని వాళ్లకీ విసుగొస్తుంది. ఊరు, చదువు, ప్రాజెక్టులో ఏ మందు మీద ఏ పద్ధతిలో చేశావు, ఏ మిషన్ నువ్వే నడిపావు. నోరు ఒకసారి తెరుచుకుంటే తర్వాతది దానంతటదే వస్తుంది.

గుండె దడదడలాడితే గాలి పీల్చడం కంటే వదలడం నెమ్మదిగా చెయ్యి, బయట కుర్చీలో కూర్చున్నప్పుడే, నాలుగైదుసార్లు. ప్రశ్న వినగానే జవాబు చెప్పక్కర్లేదు, రెండు క్షణాలు ఆగినా ఎవరూ ఏమీ అనుకోరు. మీ రూమ్మేట్‌తో పాటు పరిచయం లేని ఇంకో ఇద్దరిని హాస్టల్ డైనింగ్‌లో ఎదురుగా కూర్చోబెట్టి అడిగించుకో, నవ్వొచ్చినా సరే. నీకు భయం సబ్జెక్టుతో కాదు, ముగ్గురి చూపుతో. అది అలవాటు కావాలి.

శనివారం లంకెలపాలెం జంక్షన్ దగ్గర పరవాడ వైపు తిరగాలి, మద్దిలపాలెం నుంచి రెండు గంటలు చేతిలో పెట్టుకుని బయల్దేరు. ఎన్ఏడీ, గాజువాక దాటడమే పెద్ద పని. ఒరిజినల్స్, జిరాక్స్‌లు, ఫోటోలు ముందు రాత్రే ఫైల్లో పెట్టుకో. "ఉద్యోగం ఇప్పిస్తాం, ముందు డబ్బు కట్టు" అని ఎవరైనా అంటే ఒక్క రూపాయి ఇవ్వకు.

సేఫ్టీ_గాజువాక:
నాన్నగారి భయం తీసిపారేయకండి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ అనే విష ఆవిరి లీకైంది, 2024 ఆగస్టులో అచ్యుతాపురం ఫార్మా యూనిట్‌లో పేలుడు జరిగింది, రెండుసార్లూ మనుషులు పోయారు. ఈ చుట్టుపక్కల ఆ భయం లేని ఇల్లు లేదు. కాబట్టి చివర్లో "ఏమైనా అడుగుతారా" అన్నప్పుడు మీరే అడగండి: చేరగానే సేఫ్టీ ట్రైనింగ్ ఎన్ని రోజులు, ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్‌లు (రసాయన ఆవిర్లని బయటికి లాగే పెట్టెలు) ఎప్పుడెప్పుడు చెక్ చేస్తారు, మాక్ డ్రిల్ ఉంటుందా. మంచి కంపెనీ ఈ ప్రశ్నకి సంతోషిస్తుంది. విసుక్కుంటే అక్కడ చేరాలా వద్దా అని మీరు ఆలోచించుకోవచ్చు. ఆ జవాబులు ఇంటికెళ్లి నాన్నగారికి చెప్పండి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలా, నీళ్లని ఆమ్లంలో పోయాలా లాంటివి మిమ్మల్నీ అడుగుతారు, ఎస్‌డీఎస్ (రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రం) ఒకటైనా పూర్తిగా చదివి వెళ్లండి.

చీపురుపల్లి_కెమిస్ట్రీ:
అందరికీ చాలా థ్యాంక్స్. రికార్డు తీశాను, రాత్రి నుంచే మొదలుపెడతా. ఒక్క డౌట్ అన్నా, మధ్యలో ఇంగ్లీషు ఆగిపోతే తెలుగులో చెప్పొచ్చా అని అడిగితే తీసేస్తారా?

పరవాడ_క్యూసీ:
తీసెయ్యరు. "సర్, ఇది తెలుగులో చెప్పనా" అని తలెత్తి అడుగు. మా ప్యానెల్లో చాలామందిమి శ్రీకాకుళం, విజయనగరం వాళ్లమే, షాప్ ఫ్లోర్ మీద మాట్లాడుకునేది తెలుగే. కాలమ్, పీక్, రిటెన్షన్ టైమ్ ఎలాగూ ఇంగ్లీషు మాటలే. కాకపోతే రాత ఇంగ్లీషులో ఉంటుంది, ఎస్‌ఓపీ (పని ఎలా చేయాలో రాసిన పత్రం) చదివి అర్థం చేసుకుంటానని మాత్రం గట్టిగా చెప్పు. షిఫ్టులు చేస్తావా అని కూడా అడుగుతారు, అది ఇంట్లో ముందే మాట్లాడి వెళ్లు.