రాయగడ వైపు ఆడేవాళ్లకి నల్లటి కార్బైన్ రెప్లికా అవసరమా? నేనైతే రంగు వేయాల్సిందే అంటాను

నాగావళి గట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో రాయగడ. ఊరి చివర మూతపడిన రైస్ మిల్లు గోదాములో నెలకి రెండు ఆదివారాలు ఎయిర్‌సాఫ్ట్ ఆడుకుంటాం, బొమ్మ తుపాకులతో ప్లాస్టిక్ గుళ్లు కాల్చుకునే ఆట. పద్నాలుగు మందిమి ఉన్నాం, గుణుపూర్ నుంచీ పార్వతీపురం నుంచీ కూడా వస్తారు. ఈమధ్య తలా ఇంత వేసుకుని ఒక కాంపాక్ట్ కార్బైన్ రెప్లికా కొన్నాం. 9 ఎంఎం పిస్టల్ గుండు కాల్చే పొట్టి తుపాకీ ఉంటుంది కదా, దాని ఆకారమన్నమాట. లోపల ఉండేది బ్యాటరీ, మోటారు, గేర్లు, స్ప్రింగు, పిస్టన్, అంతే. బయటికొచ్చేది 6 ఎంఎం ప్లాస్టిక్ బీబీ, అంటే చిన్న గుండ్రటి గుండు. వచ్చేటప్పుడే నల్లగా వచ్చింది, ముక్కు కొసన మాత్రం ఇది బొమ్మ అని తెలిసేలా ఆరెంజ్ ముక్క ఉంది. ఆ ముక్క తీసేద్దామని మావాళ్లలో సగం మంది పట్టుబడుతున్నారు. నేనేమో ముక్క ఉంచడమే కాదు, మొత్తం బాడీకే పసుపో నీలమో వేసేద్దాం అంటున్నాను. మూడు వారాలుగా ఇదే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

వస్తువు మీద నాకు కోపమేమీ లేదు, కొందామని ముందు అన్నది నేనే. గోదాములో అన్నీ సందులు, తలుపులు, పాత బస్తాల దొంతర్లు. ఎం4 రైఫిల్ లాంటి పొడుగుది పట్టుకుని మూల తిరిగితే మనిషి కంటే ముందు దాని ముక్కు కనిపిస్తుంది, అవతలివాడు అప్పుడే సిద్ధమైపోతాడు. పొట్టిదైతే మోచేతులు ఒంటికి ఆనించుకుని తిరగొచ్చు. బ్యారెల్ పొట్టిదైతే గురి పోతుందని కొత్తవాళ్లు భయపడతారు గానీ ఎయిర్‌సాఫ్ట్‌లో అది పెద్ద లెక్కలోకి రాదు. బీబీకి వెనక్కి తిరుగుడు ఇచ్చే హాప్-అప్ రబ్బరు బాగుండాలి, గాలి ప్రతిసారీ ఒకే మోతాదులో రావాలి, అంతే. ఎం4 రెప్లికాలో లోపలి గొట్టం 363 ఎంఎం, ఎంపీ5 అనే పొట్టిదాంట్లో 229 ఎంఎం. గోదాములో ముప్ఫై అడుగుల దూరానికి ఆ తేడా ఎవరికీ తెలియదు.

నా భయం గోదాము లోపల కాదు, బయట. కార్బైన్ అంటే మన వైపు జనానికి ఏం గుర్తొస్తుందో ఆలోచించండి. పోలీసుల భుజానికి ఏళ్ల తరబడి వేలాడిన స్టెర్లింగ్ రకం 9 ఎంఎం కార్బైన్. 2004 ఫిబ్రవరిలో కొరాపుట్ ఆయుధాగారం మీద మావోయిస్టులు పడి తుపాకులు ఎత్తుకుపోయారు, అప్పుడు నేను ఇంటర్. తర్వాత ఎన్ని నెలలు సాయంత్రం ఏడు దాటితే రోడ్డు మీద మనిషి కనపడేవాడు కాదో మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అలాంటి చోట నల్లటి పొట్టి తుపాకీ ఆకారం ఏ బైకు మీదో, ఏ బస్సులోనో ఒకరి కంటపడితే అది బొమ్మ అని చెప్పేంత టైము మనకి ఇస్తారా? అమెరికాలో 2014 లో క్లీవ్‌లాండ్‌లో 12 ఏళ్ల పిల్లవాడి దగ్గర ఉన్నది ఎయిర్‌సాఫ్ట్ పిస్టలే. ఆరెంజ్ ముక్క ఊడదీసి ఉంది. పోలీసు కారు వచ్చి ఆగిన రెండు సెకన్ల లోపే కాల్చేశారు. మీరేమంటారో చెప్పండి.

గుణుపూర్ కుర్రాడు

అన్నయ్యా, నువ్వంటే గౌరవమే, కానీ ఈ విషయంలో నీతో కలవను. ఈ ఆటకి సగం ప్రాణం ఆ ఆకారంలోనే ఉంది. పసుపు రంగు తుపాకీ పట్టుకుంటే నాకు హోలీ పిచికారీ పట్టుకున్నట్టే ఉంటుంది, ఉన్నమాట చెబుతున్నా. ఆ డబ్బులో నా రెండు నెలల ట్యూషన్ సంపాదన ఉంది. స్ప్రే కొడితే కాల్చే పద్ధతి మార్చే సెలెక్టర్ మీట దగ్గరా, బీబీలు నింపే మ్యాగజైన్ బటన్ దగ్గరా రంగు చేరి బిగుసుకుపోతుంది, రేపు అమ్ముదామన్నా ఎవరూ కొనరు.

బ్రిటన్ సంగతి చూడు. 2006 చట్టం తర్వాత అక్కడ మామూలు మనిషికి అచ్చం అసలు దానిలా ఉండేది అమ్మరు, రంగు వేసిందే అమ్ముతారు. కానీ క్రమం తప్పకుండా ఆడే ఎయిర్‌సాఫ్ట్ ఆటగాడికి నల్లదే కొనుక్కునే వెసులుబాటు ఆ చట్టంలోనే ఉంది. అంటే ఆటగాడు వేరు, ఆకతాయి వేరు అని ఒప్పుకున్నట్టే కదా. మనం ఆకతాయిలమా?

దెబ్బ లెక్క కూడా చూడండి. 0.20 గ్రాముల బీబీ సెకనుకి 100 మీటర్ల వేగంతో వెళ్తే సరిగ్గా 1 జౌల్. అసలు 9 ఎంఎం గుండు దాదాపు 500 జౌల్స్. దీన్ని చూసి ఇంత టెన్షన్ ఎందుకు?

పర్లాకిమిడి మాస్టారు

బాబూ, లెక్క సరిగ్గానే చెప్పావు. అయితే చట్టం చూసేది ఆ ఒక్క లెక్కనే కాదు. 1959 ఆయుధాల చట్టం కింద 2016 లో కొత్త నిబంధనలు వచ్చాయి. గాలితో పేలే వాటికి అందులో రెండు కొలతలు పెట్టారు, ఒకటి 20 జౌల్స్, రెండోది 0.177 అంగుళాలు, అంటే 4.5 ఎంఎం గొట్టం. మన రెప్లికా శక్తిలో ఆ గీతకి చాలా కింద ఉంది, గొట్టంలో మాత్రం 6 ఎంఎం, గీత దాటింది. ఒక కొలతలో నెగ్గి రెండో కొలతలో ఇరుక్కునే వస్తువుని పట్టుకుని నడిరోడ్డు మీద చట్టం వాదించే పరిస్థితి తెచ్చుకోవద్దు. కొన్న బిల్లు, దాని బొమ్మ, శక్తి వివరం ఒక కవర్లో పెట్టి దాంతోనే ఉంచండి. పోలీస్ స్టేషన్‌కి వెళ్లి మేం ఫలానా చోట ఫలానా ఆట ఆడుతున్నామని కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. సరిహద్దు దాటి వచ్చే పార్వతీపురం పిల్లలు రెండు వైపులా ఆ పని చేయాలి, కూనేరు దాటితే స్టేషను మారిపోతుంది, భాష కూడా మారుతుంది.

రంగు గురించి నా ఓటు మొదలుపెట్టిన ఆయనకే.

జయపురం బావ

నేను చదివి ఊరుకుందాం అనుకున్నాను, కానీ తమ్ముడు "ఇంత టెన్షన్ ఎందుకు" అన్నాక నాకు జరిగింది రాయకుండా ఉండలేకపోతున్నాను. పోయినేడు కార్తీకమాసంలో సునాబెడ వైపు నుంచి బైకు మీద వస్తున్నాను. వెనక సీటుకి గిటార్ సంచి కట్టాను, అందులో నా సొంత రెప్లికా, ఎంపీ5 పోలికది. గిటార్ సంచి అయితే ఎవరికీ అనుమానం రాదనుకున్నాను, అదే నేను చేసిన పెద్ద తప్పు. ఘాట్ దిగాక రాత్రి తనిఖీ దగ్గర ఆపారు, ఏ బలగమో రాయను, వాళ్ల పని వాళ్లు చేశారు. సంచిలో ఏముంది అంటే నోట మాట రాలేదు, బొమ్మ అన్నాను. ఆ అబ్బాయికి నా కొడుకు వయసు ఉంటుందేమో, జిప్పు తీశాడు, నల్లటి పిడి కనిపించింది, అంతే, రెండు అడుగులు వెనక్కి వేసి తన తుపాకీ ఎత్తాడు. చేతులు తల మీద పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. వాళ్లలో ఒకాయన వచ్చి మ్యాగజైన్ తీసి తెల్ల బీబీలు చేతిలో పోసుకుని చూసేదాకా ఎంతసేపు పట్టిందో చెప్పలేను, పది నిమిషాలో అరగంటో. ఆరెంజ్ ముక్క నేను కొన్న రోజే పీకేశాను. అది ఉండి ఉంటే జిప్పు తీయగానే ముందు అదే కనిపించేది, ఎందుకంటే సంచిలో ముక్కు పైకి ఉంది. ఆ అబ్బాయి చేతులు వణకడం నేను చూశాను. నా ప్రాణం సంగతి అలా ఉంచండి, పొరపాటున కాల్చి ఉంటే ఆ పిల్లాడి బతుకేం కావాలి?

ఆరోజు నుంచి అది అటక మీదే ఉంది.

సిరోంచ మల్లన్న

మాది మహారాష్ట్ర వైపు, గడ్చిరోలి జిల్లా, గోదావరి దాటితే కాళేశ్వరం. మా దగ్గర పరిస్థితి మీకంటే తక్కువేం కాదు. జయపురం బావగారు చెప్పింది చదివి నాకు కూడా చెయ్యి ఆడలేదు. అయినా రంగు వేస్తే సరిపోతుందన్న మాట నేను ఒప్పుకోను. చీకట్లో టార్చి వెలుతురుకి పసుపు, నీలం ఏం తెలుస్తాయి? ముందు ఆకారం తెలుస్తది. పైగా అసలు తుపాకీకే రంగు పూసి బొమ్మలా తిప్పేవాళ్లు ఉండరా అని అవతలివాళ్లకు కూడా అనుమానం ఉంటది కదా. ఈ కాంపాక్ట్ దానితో ఉన్న చిక్కే అది, చిన్న సంచిలో పడుతది, దాచినట్టు కనిపిస్తది. పొడుగు దానికైనా పొడుగు పెట్టె ఉంటది, ఏదో ఆట సామాను అనుకుంటరు.

మేమైతే ఒకటే పద్ధతి పెట్టుకున్నం. వస్తువు ఊళ్లోకి రాదు. ఆడే తోటలోనే మోటారు గదిలో ఇనుప పెట్టె, తాళం చెవి తోట యజమాని దగ్గర. బ్యాటరీ ఒక్కటే ఇంటికి తెచ్చుకుంటం. ఆ రెండు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని మోటారు గది వేడిలో పెట్టొద్దు, సెల్లుకి 3.8 వోల్టుల దగ్గర ఉంచి ఇంట్లో చల్లటి చోట పెట్టుకోండి. రంగు వేస్తరో వేయరో మీ ఇష్టం, ముందు అది రోడ్డెక్కకుండా చూడండి అన్నలూ.

పార్వతీపురం

బ్యాటరీది కాకుండా గ్యాస్‌ది కొనాల్సింది కదా, పేలినప్పుడు వెనక్కి తన్నే ఫీలింగ్ దానిలోనే ఉంటుంది. రంగు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నాగావళి గట్టు

గ్యాస్‌ది ఎందుకు వద్దనుకున్నామో ఒక్క ముక్కలో చెప్పి ఆపేస్తాను. గ్రీన్ గ్యాస్ అంటే దాదాపు ప్రొపేన్. మే నెల ఎండకి ప్రెషర్ పెరిగిపోతుంది, డిసెంబరు మంచులో పడిపోతుంది, గబగబా కాలిస్తే మ్యాగజైన్ తనే చల్లబడి ఇంకా పడిపోతుంది. ఒక్కో మ్యాగజైన్ ధరకి బ్యాటరీ రకం మ్యాగజైన్లు మూడు నాలుగు వస్తాయి. పద్నాలుగు మంది పంచుకునే వస్తువుకి అది కుదరదు.

జయపురం బావగారూ, మీరు రాసింది చదువుతుంటే ఎంత భయపడ్డారో అర్థమవుతోంది. రాసినందుకు నిజంగా మీకు రుణపడి ఉంటాం. మావాళ్లలో ఆరెంజ్ ముక్క తీసేద్దామన్న ఇద్దరు మీది చదివి నాకు ఫోన్ చేశారు, ఇక ఆ మాట ఎత్తం అన్నారు.

మల్లన్నా, మీ మాటతో నేను కొంత మారాను. రంగు వేస్తే చాలనుకున్నది నా పొరపాటే. రోడ్డెక్కకూడదన్నదే మొదటి మాట. మిల్లు ఓనరుగారిని నిన్న సాయంత్రం అడిగాను, ఆఫీసు గదిలో పాత బీరువా ఇస్తానన్నారు. కానీ రంగు మాత్రం వదలను, కారణం చెబుతాను. మా గోదాము చుట్టూ గోడ సగం కూలి ఉంది. మేకలు కాసే పిల్లలు అక్కడ నిలబడి చూస్తుంటారు. వాళ్లకి కనిపించేది చీకట్లో టార్చి వెలుతురు కాదు, పట్టపగలు ముఖానికి మాస్కు కట్టుకుని నల్ల తుపాకులతో మిల్లు చుట్టూ తిరిగే మగవాళ్లు. ఆ పిల్లలు ఇంటికెళ్లి ఏం చెబుతారు? ఊళ్లోవాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? పగటిపూట రెండు వందల అడుగుల దూరం నుంచి పసుపు రంగు కనిపిస్తుంది, నేను నిలబడి చూశాను, మా ఇంటి పసుపు బకెట్ గోడ మీద పెట్టి మరీ చూశాను.

గుణుపూర్ తమ్ముడూ, నీ డబ్బు ఊరికే పోనివ్వను. మొత్తం స్ప్రే కొట్టొద్దు అన్న నీ మాట సబబే. ముందు భాగంలో చెయ్యి పట్టుకునే హ్యాండ్‌గార్డు, వెనక భుజానికి ఆనించే స్టాకు, మ్యాగజైన్లు, ఈ మూడింటికే వేద్దాం. అవి విడిగా ఊడొస్తాయి. సెలెక్టర్ జోలికి, గేర్‌బాక్స్ ఉన్న నడుమ భాగం జోలికి పోవద్దు. రేపు అమ్మాల్సి వస్తే ఆ మూడు ముక్కలు వేరేవి కొని తగిలించొచ్చు, ఆ ఖర్చు నాది, ఇక్కడే అందరి ముందూ రాస్తున్నాను.

గుణుపూర్ కుర్రాడు

బావగారిది రెండుసార్లు చదివాను. ఆ రోజు మీ స్థానంలో నేను ఉంటే పరిగెత్తి ఉండేవాడిని, అది మాత్రం నాకు తెలుసు.

నల్లదే బాగుంటుందన్న మాట నా మనసులోంచి పోలేదు అన్నయ్యా, పోయిందని అబద్ధం చెప్పను. ఎక్కడైనా నాలుగు వైపులా గోడ ఉన్న చోట, బయటివాళ్లకి కనపడని చోట ఆడితే అప్పుడు మళ్లీ అడుగుతాను. ఈ మిల్లులో మాత్రం మూడు ముక్కలకీ వేద్దాం. ఖర్చు నీ ఒక్కడిదే కాదు, సగం నాది. ఇంకొకటి, కాల్చిన బీబీలు గోడ అవతల మేకలు మేసే చోట పడుతున్నాయి, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ వైపు సందుకి పాత వల కడితే సగమైనా ఆగుతాయి, మా బాబాయి దగ్గర చేపల వల ఉంది, తెస్తాను.

పర్లాకిమిడి మాస్టారు

స్టేషన్‌కి ఇచ్చే కాగితం తెలుగులో రాసి నాకు పంపండి, ఒడియాలోకి నేను మార్చి ఇస్తాను. కళ్లజోళ్ల సంగతి కూడా అందులో రాయండి, జాలీ రకం కాదు, చుట్టూ మూసుకునే గాగుల్స్ వాడుతున్నామని. జాలీ దానికి బీబీ తగిలి పగిలితే ముక్కలు కంట్లోకి పోతాయి, మీలో ఇద్దరు ఇంకా అవే వాడుతున్నారని ఫోటోల్లో చూశాను.

నాగావళి గట్టు

రాత్రికి పంపుతాను మాస్టారూ. ఆ ఇద్దరిలో ఒకడు మా తమ్ముడే, వాడి జాలీ గాగుల్స్ ఇవాళే తీసేసుకున్నాను. తమ్ముడూ, శనివారం సాయంత్రం మిల్లు దగ్గరికి మాస్కింగ్ టేపు, సన్న గరుకు కాగితం పట్టుకురా. ప్లాస్టిక్‌కి పట్టే పసుపు స్ప్రే రాయగడలో దొరకలేదు, పార్వతీపురం వాళ్లు రైల్లో వస్తూ రెండు డబ్బాలు తెస్తామన్నారు.