గేమ్ బొమ్మకి, కుర్రాళ్ల మాటలకి సింక్ నిలవట్లేదు, ఎవరైనా చెప్పండి

సగం ఎడిట్ (రాత్రి 1:40)
రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నా, ఇప్పుడు రెండు కావస్తోంది. అన్నం కూడా తినలేదు. ఈ-స్పోర్ట్స్ ప్రొఫెషనల్ టీమ్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నా. హైదరాబాద్ కుర్రాళ్లు నలుగురు, బీజీఎంఐ (ఫోన్లో ఆడే షూటింగ్ గేమ్) ఆడతారు. గేమ్ వీడియో, వాళ్ల మాటల ఆడియో, గదిలో పెట్టిన కెమెరా, మూడూ పక్కపక్కన పెట్టి కట్ చేయాలి. మ్యాచ్ మొదట్లో అన్నీ చక్కగా కలుస్తాయి. అరగంట అయ్యేసరికి మూడు సెకన్లు తేడా. తెర మీద ఎదుటివాడు పడిపోయి, మావాడు వాడి పెట్టె దోచుకోవడం కూడా మొదలుపెట్టాక అప్పుడు "నాక్, నాక్" (వాణ్ని పడగొట్టానని) అరుపు వినిపిస్తోంది. చివర్లో కలిపితే మొదలు పోతోంది. ఏం చేయాలి? అర్జెంట్.

కట్టె కొట్టె (1:52)
ఏ సాఫ్ట్‌వేర్? గేమ్ వీడియో దేంతో రికార్డ్ చేశావు? ఫ్రేమ్ రేట్ (సెకనుకి ఎన్ని బొమ్మలు) ఎంత?

పాత నాగ్రా (1:58)
తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. క్లాప్ కొట్టావా? కొట్టి ఉండవు. ఈ తరంలో ఎవరూ కొట్టరు. మేము నాగ్రా టేప్ రికార్డర్ మీద సౌండ్ తీసుకునే రోజుల్లో కెమెరా వేరు, టేపు వేరు. రెండిటికీ ఉన్న బంధం ఆ చెక్క ముక్క ఒక్కటే. షాట్ మొదట్లో కొట్టడం కుదరకపోతే చివర్లో క్లాప్‌ను తలకిందులుగా పట్టుకుని కొట్టేవాళ్లం, అది ఎండ్ క్లాప్ అని ఎడిటింగ్ రూములో తెలియడానికి. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంటే ఎంత జరిగిందో అక్కడికక్కడే లెక్క తేలిపోయేది. ఇప్పుడు అందరూ సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని వదిలేస్తున్నారు. అది చూసుకోదు. ఇంతకీ గదిలో మైకు ఎక్కడ పెట్టావు? కెమెరా మీద ఉన్నదేనా?

సగం ఎడిట్ (2:03)
క్లాప్ లేదు సార్. కానీ మొదట్లో కలుస్తోంది కదా, క్లాప్ సమస్య కాదేమో.

హెడ్‌ఫోన్ హరి (2:06)
బ్రో, ఇది 44.1, 48 గొడవ, అంటే ఆడియో శాంప్లింగ్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ అంకె). ఆడియో 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉండి ప్రాజెక్ట్ 48లో ఉంటే ఇలాగే జరుగుతుంది. నాకూ ఒకసారి పెళ్లి వీడియోలో అయింది. ఆడియో అంతా 48కి మార్చెయ్, సెట్ అయిపోతుంది.

కట్టె కొట్టె (2:09)
కాదు. అదైతే తేడా సుమారు 9 శాతం. అరగంటకి రెండున్నర నిమిషాలు పోతుంది, గొంతు కూడా మారుతుంది. ఇతనిది మూడు సెకన్లు.

హెడ్‌ఫోన్ హరి (2:11)
అయితే 29.97, 30 ఫ్రేమ్ రేట్ గొడవ.

కట్టె కొట్టె (2:12)
అది అరగంటకి 1.8 సెకన్లు. ఇతనిది 3. నేనడిగిన మూడు ప్రశ్నలకి జవాబు రాలేదు.

ఐజీఎల్ 07 (2:20)
ఒక డౌట్ అన్నా. "ప్రొఫెషనల్ టీమ్" అన్నావు. ఏ ఆర్గ్‌కి (టీమ్‌లని నడిపే సంస్థకి) ఆడుతున్నారు? కాంట్రాక్ట్ ఉందా, నెల జీతం ఉందా? రోజూ స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు) ఆడినంత మాత్రాన ప్రో అవ్వరు. నేనూ రెండేళ్లు ఐజీఎల్‌గా (ఆటలో టీమ్‌ని నడిపేవాడిగా) చేశా, కాల్స్ అన్నీ నావే, నన్ను ఎవరూ ప్రో అనలేదు.

సగం ఎడిట్ (2:24)
ముగ్గురు డిగ్రీ, ఒకడు ఇంటర్ రెండో సంవత్సరం. జీతం లేదు. ఇద్దరికి ప్రైజ్ మనీ కొంచెం వచ్చింది. ప్రో అవ్వాలని ఆడుతున్నారు, కథ అదే. నాకు ఇప్పుడు కావాల్సింది సింక్ బ్రో.
కట్టె కొట్టె గారూ, డావిన్చీ రిజాల్వ్, ఫ్రీ వెర్షన్. గేమ్ వీడియో ఫోన్లలోదే. వాళ్ల ఫోన్లో ఉన్న స్క్రీన్ రికార్డరే ఆన్ చేయమన్నా, 60 పెట్టమన్నా. మాటలు డిస్కార్డ్ నుంచి తీసినవి, ఆడుతూ వాళ్లు మాట్లాడుకునే యాప్.

కట్టె కొట్టె (2:26)
ఇది మొదటి పోస్టులో రాయాల్సింది. మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేసుకో. ఒక ఫోన్ ఫైలు అందులో తెరిచి "ఫ్రేమ్ రేట్ మోడ్" ఎదురుగా ఏముందో చెప్పు.

ఇద్దరు పిల్లల తండ్రి (6:35)
పొద్దున్నే ఇది చూస్తున్నాను. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లవాడు రాత్రంతా ఫోన్లో కాల్చుకుంటుంటే దాన్ని సినిమా తీసి పొగుడుతున్నారా? ప్రభుత్వం ఆన్‌లైన్ గేమింగ్ నిషేధించింది కదా. పట్టుకుంటే మీ మీదా కేసు పడుతుంది, చూసుకోండి.

ఐజీఎల్ 07 (7:50)
సార్, నిషేధించింది డబ్బు పెట్టి ఆడేవాటిని. 2025లో వచ్చిన చట్టం ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని ఆపింది, అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని వేరే పెట్టి గుర్తించింది. రమ్మీని, దీన్ని ఒకే గాటన కట్టకండి. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్ ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు మన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్ అనే కార్డుల వీడియో గేమ్‌లో కాంస్యం తెచ్చాడు. తర్వాత హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో అసలు పతకాల పోటీలే పెట్టారు.

ఇద్దరు పిల్లల తండ్రి (7:58)
ఆట అంటే ఒళ్లు వంచాలి బాబూ. కబడ్డీ ఆట. ఇది కాలక్షేపం.

ఐజీఎల్ 07 (8:01)
చదరంగం ఆడితే ఒళ్లు ఎక్కడ వంగుతుంది సార్?

లాయర్ గారబ్బాయి (9:15)
పెద్దాయన కేసు అన్నారు కాబట్టి చెప్తున్నా, కేసు అటు నుంచి కాదు, ఇటు నుంచి రావచ్చు. ఒకటి, ఆ గేమ్ బొమ్మలు, అందులో సంగీతం కంపెనీ సొత్తు. 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కింద విమర్శకి, సమీక్షకి కొంత వాడుకోవచ్చు, కానీ పది నిమిషాల మ్యాచ్ ఏకధాటిగా చూపిస్తే ఆ మాట నిలబడటం కష్టం. రాతపూర్వకంగా అనుమతి అడగండి. టోర్నమెంట్ లైవ్ స్ట్రీమ్‌లోంచి ముక్కలు తీశారా? అందులో కామెంటరీ, గ్రాఫిక్స్ ఉంటాయి, వాటికి నిర్వాహకుడి అనుమతి వేరే. రెండు, ఆ ఇంటర్ కుర్రాడికి 18 నిండాయా? నిండకపోతే తల్లిదండ్రుల సంతకం లేకుండా వాడి మొహం ఒక్క ఫ్రేములో కూడా వద్దు. నోటిమాట చాలదు. డిస్కార్డ్‌లో ఎదుటి టీమ్ వాళ్లు, స్నేహితులు ఎవరైనా మాట్లాడి ఉంటే వాళ్లని కూడా అడగాలి. జనం అంతా అయ్యాక సంతకాల కోసం తిరుగుతారు, అప్పటికి ఇద్దరి మధ్య గొడవై ఒకడు టీమ్ వదిలేసి ఉంటాడు. నేను చూసిందే చెప్తున్నా.

సగం ఎడిట్ (11:20)
ఇప్పుడే లేచా. 17 ఏళ్లు. వాళ్ల నాన్నగారు ఫోన్లో సరే అన్నారు. సంతకం తీసుకుంటా సర్.
మీడియాఇన్ఫోలో "వేరియబుల్" అని ఉంది. కింద మినిమం 8, మాక్సిమం 62 చూపిస్తోంది. 60 పెట్టమని చెప్పానే!

కట్టె కొట్టె (11:31)
అదే నీ సమస్య.

సగం ఎడిట్ (11:33)
అంటే?

పాత నాగ్రా (11:50)
ఆయన చెప్పడు, నేను చెప్తాను. ఫోను సెకనుకి కచ్చితంగా 60 బొమ్మలు తీయదు నాయనా. తెర మీద కదలిక ఉంటే తీస్తుంది, లాబీలో (మ్యాచ్ మొదలయ్యేదాకా ఆగే చోట) ఊరికే నిలబడి ఉంటే బద్ధకిస్తుంది. వేడెక్కితే ఇంకా తగ్గిస్తుంది. ఏ బొమ్మ ఏ క్షణానిదో ఫైల్లో రాసుకుంటుంది, అది నిజమే. కానీ నీ ఎడిటర్ ఆ రాత చూడకుండా అన్నీ సమానంగా 60 చొప్పున పరిచేస్తే, బొమ్మలు తక్కువున్న చోట కాలం కుదించుకుపోతుంది. బొమ్మ ముందుకు పరిగెడుతుంది, మాట వెనకబడుతుంది. నీ కుర్రాడు ఆలస్యంగా అరవలేదు.
లెక్క కూడా చూసుకో. అరగంట అంటే 1,800 సెకన్లు, 60 చొప్పున 1,08,000 బొమ్మలు. మూడు సెకన్ల తేడా అంటే అందులో 180 లేవన్నమాట. లాబీలో కాసేపు నిలబడితే అవి ఎగిరిపోవడానికి ఎంతసేపు?
ఫిల్ము కెమెరాకి క్రిస్టల్ మోటారు ఉండేది. చలికాలమైనా, ఎండాకాలమైనా సెకనుకి 24. అంతే.

హెడ్‌ఫోన్ హరి (12:02)
నేను చెప్పింది కూడా ఫ్రేమ్ రేట్ గొడవే కదా.

కట్టె కొట్టె (12:04)
హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్ వాడు. వీడియో ట్యాబ్‌లో 60 పెట్టు, కింద "కాన్‌స్టెంట్" ఎంచుకో, "పీక్" వద్దు. క్వాలిటీ ఆర్ఎఫ్ 18. కొత్త ఫైలు వచ్చాక మళ్లీ మీడియాఇన్ఫోలో చూడు. పాత క్లిప్పులు టైమ్‌లైన్ నుంచి తీసేసి కొత్తవి పెట్టు. ఒరిజినల్స్ డిలీట్ చేయకు.

సగం ఎడిట్ (12:15)
12 ఫైళ్లు ఉన్నాయి, అన్నీ చేయాలా? మూడు మ్యాచ్‌లు, నాలుగు ఫోన్లు. నా ల్యాప్‌టాప్‌కి ఒక్కోటి గంట పట్టేలా ఉంది.

కట్టె కొట్టె (12:16)
అన్నీ.

హెడ్‌ఫోన్ హరి (12:25)
అన్నీ ఎందుకు బ్రో, సినిమాలో వాడే రెండు నిమిషాలు మాత్రం కట్ చేసి అక్కడ చేత్తో జరుపుకో. రెండు నిమిషాల్లో తేడా ఎవడికీ కనపడదు.

పాత నాగ్రా (12:33)
ఏ రెండు నిమిషాలో తెలియాలంటే మొత్తం చూడాలి కదా హరీ. మొత్తం చూడాలంటే సింక్ ఉండాలి. ఇంకో సంగతి తమ్ముడూ, గది కెమెరా ఎంతలో తీశావు?

సగం ఎడిట్ (12:40)
25 సార్. ట్యూబ్‌లైట్ మినుకుతోందని ఒక ఫ్రెండ్ చెప్తే 25, షటర్ 50 పెట్టా. టైమ్‌లైన్ 24 ఉంది, నేను మార్చలేదు, మొదటి నుంచి అలాగే ఉంది.

పాత నాగ్రా (12:48)
మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ ఫ్రెండ్ సరిగ్గానే చెప్పాడు. ఆ 24 మాత్రం సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టుకున్నది. క్లిప్పులు వేశాక ప్రాజెక్ట్‌లో అది మారదు. ప్రాజెక్ట్ సెట్టింగ్స్ వాడొద్దని టిక్ తీసేసి, 25లో కొత్త టైమ్‌లైన్ చేసుకో.

ఐజీఎల్ 07 (1:05)
25లో గేమ్‌ప్లే వేస్తే గతుకులు గతుకులుగా ఉంటుంది సార్. 60ని 25తో భాగిస్తే సరిగ్గా పోదు. మా కుర్రాళ్లు చూస్తే నవ్వుతారు. 30 పెట్టు అన్నా, యూట్యూబ్‌లో 60 కూడా పెట్టొచ్చు.

పాత నాగ్రా (1:12)
అప్పుడు గదిలో మనుషులు గతుక్కుమంటారు. సినిమా ఫోన్ గురించా, మనుషుల గురించా?

ఐజీఎల్ 07 (1:15)
ఫోన్లోనే మనుషులు ఉన్నారు సార్ 😀 ఒక్కో పోటీ మ్యాచ్‌లో 16 టీమ్‌లు, 64 మంది.
అన్నా, నీకు కథ గురించి ఒక ముక్క. 2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్ ఆపేశారు. 2021 జులైలో దాని బదులు బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో అదీ స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మే దాకా లేదు. ఆ పది నెలలు మీవాళ్లు ఏం చేశారో అడిగావా? నేనైతే అప్పుడే మానేసి డిగ్రీ సప్లీలు రాసుకున్నా. మా నాన్న ఆ నెలంతా భలే ఖుషీగా ఉన్నాడు. తిరిగొచ్చాక కూడా మైనర్లకి రోజుకి మూడు గంటల పరిమితే పెట్టారు. 17 ఏళ్లవాడు మూడు గంటల్లో స్క్రిమ్స్ ఎలా ఆడతాడో అదొక్కటి చూపించు, చాలు. మ్యాచ్‌లు ఎవరైనా చూపిస్తారు.

లాయర్ గారబ్బాయి (1:31)
మూడు గంటలు దాటి ఆడితే ఎవరి అకౌంట్‌తో ఆడాడో అది కూడా సినిమాలో వస్తుంది, ఆలోచించుకోండి.

ఇద్దరు పిల్లల తండ్రి (1:44)
నేను చెప్పిందీ అదే. ఇంట్లో నాన్న నంబరుతోనే ఆడతారు. మా ఇంట్లో జరిగింది.

సగం ఎడిట్ (1:50)
అది అడగలేదు. అడుగుతా. ముందు ఈ హ్యాండ్‌బ్రేక్ అవ్వనీ.

పాత నాగ్రా (2:10)
మళ్లీ షూటింగ్‌కి వెళ్తే ఇది చెయ్యి. నాలుగు ఫోన్లలోనూ స్క్రీన్ రికార్డర్ ఆన్ చేశాక స్టాప్‌వాచ్ తెరిపించి, వరుసగా గది కెమెరాకి చూపించమను. అంకెలు ఫోన్ రికార్డింగ్‌లోనూ పడతాయి, కెమెరాలోనూ పడతాయి. డిస్కార్డ్ కోసం ఒకడు మైకు దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాలి. మ్యాచ్ అయ్యాక రికార్డింగ్ ఆపేముందు మళ్లీ అదే. గదిలో మైకు సంగతి నువ్వింకా చెప్పలేదు.

సగం ఎడిట్ (మరుసటి రోజు, సాయంత్రం 5:20)
ఐదు ఫైళ్లు అయ్యాయి. మొదటి మ్యాచ్ చివరిదాకా కలుస్తోంది. అరుపు అరుపు దగ్గరే ఉంది. ఒక ఫోన్‌ది మాత్రం మొదటి నుంచే అర సెకను వెనక ఉంది, అది చేత్తో జరిపేశా, తర్వాత కదల్లేదు. టైమ్‌లైన్ 25కే మార్చా. థాంక్స్ అందరికీ, ముఖ్యంగా కట్టె కొట్టె గారికి. ల్యాప్‌టాప్ మీద చేయి పెడితే కాలిపోతోంది, మిగతావి రాత్రికి పెడతా.

కట్టె కొట్టె (5:24)
👍

హెడ్‌ఫోన్ హరి (5:40)
సూపర్ బ్రో. ఆడియో 48కి కూడా మార్చావా?

ఐజీఎల్ 07 (6:02)
అయ్యాక లింక్ పెట్టు అన్నా. టైటిల్లో "ప్రో" అని మాత్రం వేయకు.