ఇంగ్లిష్ మెథడాలజీ వాళ్లు బీఎడ్ కాగానే ఎంఏలో చేరాలా, డీఎస్సీకి కూర్చోవాలా?

చాక్‌పీసు: బీఎడ్ ఆఖరి సెమిస్టర్ రాసేశాను. మా బ్యాచ్‌లో ఎంఏ అంటే చాలు, "ముందు టెట్ సంగతి చూడు" అంటున్నారు. డిగ్రీలో ఇంగ్లిష్ ఆప్షనల్ ఉంది కాబట్టి స్కూల్ అసిస్టెంట్‌కి ఎంఏ అక్కర్లేదు. అయినా చేయాలనుంది. తప్పా?

గోదారిగట్టు: తప్పు కాదు, తొందర. ఏపీలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పరీక్ష జరిగింది 2025లో, 16,347 పోస్టులకి. అలాంటి నోటిఫికేషన్ పడ్డ రోజున నువ్వు చాసర్ మీద అసైన్‌మెంట్ రాసుకుంటూ ఉంటే? ఎంఏ ఎక్కడికీ పోదు తమ్ముడూ.

రెండోబెల్లు: ఎంఏ పోదు, వయసు పోతుంది అన్నా. పీజీ లేకపోతే గురుకులాల్లో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచర్), జూనియర్ లెక్చరర్ రెండూ లేనట్టే. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అయ్యాక పుస్తకం తీసినవాళ్లను ఎంతమందిని చూశావు?

నల్లబల్ల: నేను తీశాను! జిల్లా పరిషత్ హైస్కూల్లో చేరాక దూరవిద్యలో ఎంఏ చేశాను. నిజం చెప్పాలంటే పరీక్షకు వారం ముందు గైడ్లు చదివి గట్టెక్కాను. మిల్టన్ మీద నాలుగు పేజీలు రాయగలను. కానీ ఎనిమిదో తరగతి పిల్ల లేచి, "మేడం, అవర్ ముందు యాన్ పెట్టి, యూనివర్సిటీ ముందు ఎ పెట్టారేంటి? తిరగేశారా?" అని అడిగితే "రూలే అంత, కూర్చో" అన్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని అని ఆ పిల్లకు చెప్పగలిగింది ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) దూరవిద్యలో పీజీసీటీఈ అనే ఇంగ్లిష్ బోధన కోర్సు చేశాకే. ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌లో మొదలైందే ఇంగ్లిష్ టీచర్ల శిక్షణ కోసం. కాబట్టి తమ్ముడూ, ఎంఏ చేయాలా వద్దా అన్నది తర్వాత. ఏ పేపర్లున్న కోర్సో చూడు. ఫొనెటిక్స్, భాషాబోధన లేని ఎంఏ నీ ప్రమోషన్‌కి పనికొస్తుందేమో గానీ క్లాసుకి కాదు.

గోదారిగట్టు: సాహిత్యం మరీ దండగ అంటే ఒప్పుకోను మేడం. చదివే అలవాటు లేని టీచరు పిల్లల చేత ఏం చదివిస్తాడు? నా గొడవ టైమింగ్ మీదే.

నల్లబల్ల: సరే, ఆ మాటకు ఒప్పుకుంటున్నా.

చాక్‌పీసు: మేడం, నాకు ఇఫ్లూ మీదే మనసు పడింది. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని మా కాలేజీ వాళ్లు ఒరిజినల్స్ ఇవ్వడం లేదు. ముప్పై వేలు కట్టి తీసుకెళ్లమంటున్నారు. ముందు ఆ టీసీ ఎలా తెచ్చుకోవాలో ఎవరైనా చెప్పండి.