బిల్లుల లింకుల్లో మన సొంత డొమైన్ పేరు రావాలంటే?

పలాస: మాది జీడిపప్పు హోల్‌సేల్ అండి. కొటేషన్లు, బిల్లులు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి లింకులుగా వెళ్తాయి, కానీ లింకులో వాళ్ల కంపెనీ పేరే కనిపించడంతో బయట రాష్ట్రాల పార్టీలు మోసమేమోనని తెరవకుండా ఫోన్ చేసి అడుగుతున్నారు. మాకు డాట్ ఇన్ డొమైన్ ఉంది, వెబ్‌సైట్, మెయిల్ దాని మీదే. వాటికి ఇబ్బంది లేకుండా ఇది కుదురుతుందా?

విజయనగరం: కుదురుతుంది. అసలు డొమైన్ జోలికి వెళ్లకండి. 'బిల్స్' లాంటి సబ్‌డొమైన్ (డొమైన్ ముందు చుక్కతో చేర్చే పేరు) పెట్టుకుని, డీఎన్ఎస్‌లో (డొమైన్ పేరు ఎటు వెళ్లాలో చెప్పే సెట్టింగుల్లో) దానికి సీనేమ్ రికార్డు (ఈ పేరు ఫలానా అడ్రస్‌కు మారుపేరు అని చెప్పే ఎంట్రీ) వేసి సాఫ్ట్‌వేర్ వాళ్లిచ్చిన అడ్రస్ పెట్టండి. మెయిల్ వచ్చేది ఎంఎక్స్ రికార్డుల మీద, వాటిని ముట్టుకోనంత వరకు టెన్షన్ లేదు. నేమ్‌సర్వర్లే (ఈ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) మార్చేయమని ఎవరైనా చెబితే మాత్రం ఆగండి.

రాజాం: ఆ సబ్‌డొమైన్‌కు ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపేది) వచ్చాకే లింకులు పంపండి, లేదంటే బ్రౌజర్ హెచ్చరిక చూసి ఉన్న నమ్మకమూ పోతుంది. డీఎన్ఎస్‌కు క్లౌడ్‌ఫ్లేర్ సర్వీసు వాడుతుంటే ఆ సీనేమ్ రికార్డుకు ప్రాక్సీ (ట్రాఫిక్‌ను వాళ్ల సర్వర్ల గుండా పంపే సెట్టింగు) ఆపి చూడండి, వెరిఫికేషన్ అక్కడ ఆగిపోతుంటుంది. రెన్యువల్ మరవొద్దు బాబూ, డొమైన్ పోతే పాత లింకులన్నీ పోయినట్టే.

పలాస: రికార్డు వేశాను, సాఫ్ట్‌వేర్‌లో ఇంకా పెండింగ్ అంటోంది?

విజయనగరం: కొన్ని గంటలు పట్టొచ్చు. ఈలోగా ఆ రికార్డులో హోస్ట్ (పేరు) గడి చూడండి, చాలా డీఎన్ఎస్ ప్యానెళ్లలో అక్కడ 'బిల్స్' అని మాత్రమే ఉండాలి, మొత్తం డొమైన్ రాస్తే పేరు రెండుసార్లు పడుతుంది.