అప్‌డేట్: రక్షణ పోయిందేమోనన్న నా భయం గురించి

అందరికీ వందనాలు. బాప్తిస్మం తీసుకుని ఇన్నేళ్లయినా, ప్రార్థన మానేసిన రోజు, ఇంట్లో కోపంతో అరిచిన రోజు నా రక్షణ (క్రీస్తు వల్ల దొరికిన పాపక్షమాపణ, నిత్యజీవం) పోయిందేమోనని టెన్షన్ పడుతున్నానని ఇంతకుముందు ఇక్కడ రాశాను కదా. మీలో ఒకరు బైబిల్లో రోమీయులకు 5:8 చదవమన్నారు. "మనమింకను పాపులమై యుండగానే" అన్న చోటే చాలాసేపు ఆగిపోయాను. నేను బాగుపడకముందే క్రీస్తు నా కోసం ప్రాణం పెట్టాడు! అప్పుడు లేని షరతు ఇప్పుడెందుకు పెడతాడు? యోహాను 10:28 కూడా ఆయన చేతిలోంచి గొర్రెలను ఎవరూ లాక్కోలేరనే చెబుతోంది.

రక్షణ పోదంటే ఇక ఎలాగైనా బతకొచ్చా అని అడిగిన అన్నకు: పౌలు రోమీయులకు 6:2లో "అట్లనరాదు" అన్నాడు. ఇంతగా ప్రేమించినవాణ్ణి బాధపెట్టాలని నాకూ లేదు.

భయం ఇంకా అప్పుడప్పుడు వస్తోంది. వస్తే ఆ వచనాలే పైకి చదువుకుంటున్నాను. ఉపవాసం మాత్రం మానలేదు, కాకపోతే ఇప్పుడు భయంతో కాదు, సంతోషంగా ఉంటున్నాను.