ఫెర్వెస్ రేంజర్ బ్రేకుల గురించి తెలిసినవాళ్లు ఉన్నారా?

నేను టురిన్‌లో ఉంటాను. మా ఇంటి ఓనరు పెద్దాయన, ఆయన షెడ్డులో ఫెర్వెస్ రేంజర్ ఒకటి దుమ్ము కొట్టుకుని పడి ఉంది, 1960ల చివర్లో ఇటలీలోనే తయారైన బుల్లి జీపు, వెనక ఫియట్ 500 ఇంజినే, 499 సీసీ, రెండు సిలిండర్లు, గాలితోనే చల్లబడుతుంది. తంటాలు పడితే స్టార్ట్ అయింది (ఆ చప్పుడు వింటే అచ్చం మా పొలంలో ఆయిల్ ఇంజినే!). కానీ బ్రేక్ పెడల్ నేలకి తగిలిపోతోంది, ఎంత బ్లీడ్ చేసినా (బ్రేక్ పైపుల్లో గాలి తీసేసినా) అంతే. బ్రేకులు ఫియట్ 600డీ కారువి కదా, మరి మాస్టర్ సిలిండరు (పెడల్ దగ్గరిది), వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గరివి) దానివే తెచ్చి నేరుగా బిగించొచ్చా, లేక ఏమైనా మార్చాలా? మాది టూవీల్ డ్రైవ్, నాలుగు గేర్లది. పెద్దాయనకేమో దీన్ని కొండదారుల్లో తిప్పాలని ఆశ, నాకు టెన్షన్. ఎవరైనా ఈ పని చేసుంటే కాస్త చెప్పండి.