చెరువు గట్ల మీద తిరిగే బండికి అడాస్ కావాలంటారా?

గట్టుమీద_రాజోలు:
మాది రాజోలు పక్కనండి, రొయ్యల చెరువులు. పాత ఫోర్ బై ఫోర్ ఇచ్చేసి కొత్తది తీసుకుందామని చూస్తున్నాను. మహీంద్రా థార్ రాక్స్ పై వేరియంట్లలో లెవల్ 2 అడాస్ (ముందున్నది చూసి తనే బ్రేకేసేది, గీతల మధ్య నడిపేది) ఇస్తున్నారు, మారుతి జిమ్నీలో లేదు. అడాస్ లేని బండి ఇప్పుడెవరు కొంటున్నారండీ అంటాడు షోరూమ్ కుర్రాడు.

పోయిన వారం మా బావమరిది కొత్త బండి (ఏ కంపెనీదో అనవసరం) అడిగి గట్టెక్కించాను. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో బండి పట్టేంత దారి, దాని మీదకి వాలిన తుంగ. ఆ తుంగ దుబ్బు దగ్గరికి వచ్చేసరికి కుయ్యోమని అరిచి దానంతటదే బ్రేకేసేసింది. వెనక సీటు మీది మేత బస్తా దొర్లి కింద పడింది. చెరువు కాపలా తాత "ఏం బాబూ, గేదెలా బెదిరిందేంటి?" అని ఒకటే నవ్వు. దీనికి అదనంగా డబ్బులు పొయ్యాలా?

డీజిల్_పొగ_అమలాపురం:
ఆయ్, మీరు అడాస్‌నీ, చక్రాలు జారకుండా పట్టే ఎలక్ట్రానిక్స్‌నీ ఒకే గాటన కట్టేశారు. మెకానిక్‌గా చెబుతున్నా. జిగురు మట్టిలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే దానికి బ్రేకు పట్టి, బలాన్ని అవతలి చక్రానికి పంపేది కూడా ఎలక్ట్రానిక్సే. జిమ్నీకి లాకింగ్ డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ కలిపి తిప్పేది) లేదు, ఆ పని బ్రేకులతోనే చేస్తుంది. అది మీకు కావాలి. పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) దిగి రేవు ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ కూడా కావాలి. గీతల మధ్య నడిపేది, ముందు బండిని చూసి ఆపేది వేరు. గట్టు మీద గీతలెక్కడివి? ఆఫ్ చేసుకోండి.

అంతర్వేది ఇసుకలోకి వెళ్తే ఈఎస్‌పీ (బండి అదుపు తప్పి జారకుండా పట్టేది) కూడా ఆఫ్ చెయ్యాలి, లేకపోతే చక్రం జారినప్పుడల్లా ఇంజన్ నొక్కేస్తుంది. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా తగ్గించండి, రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టించండి. ఏ అడాసూ ఆ గాలి పని చెయ్యదు.

పండక్కి_ఊరికి:
గట్టు సరే, 216 హైవే మాటేమిటి? నాకు అడాస్ ఉంది. రాత్రిపూట దిండి దగ్గర వెనక లైటు లేని కొబ్బరికాయల ట్రాక్టరు. నాకంటే ముందు బండే చూసి అరిచింది. అలాగని నెత్తిన పెట్టుకోను. దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రోడ్డు వారన ధాన్యం కుప్ప, పైన నల్ల బరకం, చుట్టూ రాళ్లు. అక్కడ కిక్కురుమనలేదు, నేనే చూసి తప్పించాను. అవి బండ్లనీ మనుషుల్నీ గుర్తుపట్టడానికి చేసినవి, మన బరకాలు వాటికేం తెలుసు.

గట్టుమీద_రాజోలు:
ట్రాక్టరు మాట నిజమేనండి. రొయ్యల పట్టుబడి రోజుల్లో ఐసు కోసం అర్ధరాత్రి భీమవరం పోయేది నేనే, కళ్లు మూతలు పడుతుంటాయి. అయితే తీసుకుని, గట్టెక్కేటప్పుడు ఆఫ్ చేస్తా. ఒకసారి ఆఫ్ చేస్తే అలాగే ఉంటుందా?

డీజిల్_పొగ_అమలాపురం:
బండిని బట్టి. టెస్ట్ డ్రైవ్‌లో ఆఫ్ చేసి, ఇంజన్ ఆపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. రోజూ పొద్దున్నే నాలుగు మెనూలు వెతుక్కోవాలంటే వారంలో విసుగొచ్చేస్తుంది. ఇంకోటి, ముందు రాడార్ మీద బురద పేరుకుంటే అది పనిచెయ్యదు. హైవే ఎక్కేముందు చెరువు నీళ్లు ఒక చెంబు కొట్టండి.

గట్టుమీద_రాజోలు:
ఉప్పునీళ్లండి మావి. బోరు దగ్గర కడుగుతాలెండి.